రెండు వందల గజాలూ, ఒక ఉప్పుటేరూ

క్రితం ఏడాది ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడు మా వారు నన్నూ, మా అత్తయ్యగారినీ కారెక్కించుకుని విశాఖపట్నం బయల్దేరారు. గుడికీ కాదు, పెళ్లికీ కాదు, స్థలం చూడ్డానికి. మా అబ్బాయికి అక్కడ ఉద్యోగం వచ్చి ఏడాదైంది. రోజూ అనకాపల్లి నుంచి వెళ్లి రావడం వాడికి కష్టంగానే ఉంది. రేపు పెళ్లయితే ఎలాగూ ఇల్లు కావాలి. ఎవరో తెలిసినాయన విమానాశ్రయం దగ్గర్లో రెండు వందల గజాలు ఉందన్నాడట. ధర కూడా చుట్టుపక్కల కంటే తక్కువేనట.

డబ్బెక్కడిదని అడగండి. కశింకోట దగ్గర మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం చెరుకు భూమి ఉంది. అది అమ్మితే ఈ రెండు వందల గజాలు వస్తాయి. అందుకే నన్ను వెంటపెట్టుకెళ్లారు. సంతకం నాది కదా!

స్థలం చూడ్డానికి బాగానే ఉంది. ఎర్ర కంకర మట్టి కొత్తగా పోసి, రోలరుతో తొక్కించి, తెల్ల రాళ్లు పాతారు. రోడ్డుకి అటూ ఇటూ కొబ్బరి మొక్కలు కూడా పెట్టారు. చివర్న ఒక కాలువ. కాలువ అవతల నల్లటి బురద. ఆ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చిన పొదలు, మధ్యలో చిన్న చిన్న కన్నాలు, పీతలు. మేం వెళ్లేసరికి పదకొండైంది. కాలువలో ఎవరో పారేసిన కొబ్బరి బోండం తేలుకుంటూ రేవు వైపు పోతోంది. ఊరికే చూస్తూ నిలబడ్డాను.

గోపాలపట్నంలో మా ఆడపడుచు ఇంట్లో భోజనాలు చేసి, కబుర్లు చెప్పుకుని, ఐదింటికి మళ్లీ అక్కడికే వచ్చాం. మా వారు అడ్వాన్సు మాట్లాడుతున్నారు. నేను మళ్లీ కాలువ దగ్గరికెళ్లాను. ఈసారి నీళ్లు రేవు వైపు నుంచి కొండల వైపు వస్తున్నాయి. కళ్లు నులుముకుని చూశాను. చిన్న కొమ్మ ఒకటి వేసి చూశాను. అదీ వెనక్కే పోయింది.

శారద ఒడ్డున పుట్టి పెరిగిన దాన్ని. మా నదికి ఎండాకాలం నీళ్లుండవు, వానాకాలం ఒళ్లు తెలియదు. కానీ ఎప్పుడు పారినా ఒకే వైపు పారుతుంది. మాడుగుల కొండల వైపు నుంచి వచ్చి, మమ్మల్ని దాటి, రాంబిల్లి వైపు సముద్రంలోకి పోతుంది. వెనక్కి పారే కాలువని అంత దగ్గరగా చూడ్డం నాకదే మొదలు.

కారులో అత్తయ్యగారికి చెప్తే ఆవిడ నవ్వారు. ఆవిడ పుట్టిల్లు వన్ టౌన్‌లో కోటవీధి. "ఏటమ్మా అలా బెదిరిపోతావు! అది గెడ్డ కాదు, ఉప్పుటేరు. పోటొస్తే పైకి, పాటైతే కిందకి. మా అమ్మోళ్ల కాలంలో ఇదంతా పర్రే. ఇళ్లేటి ఇక్కడ?" అన్నారు. ముందు సీట్లోంచి మా వారు, "అమ్మా, అది వందేళ్ల నాటి మాట" అన్నారు. అడ్వాన్సు పాతిక వేలు అప్పటికే ఇచ్చేశారు.

నేను ఏఎంఏఎల్ కాలేజీలో బి.ఏ. తెలుగు చదివాను. భూగోళం నాకు బొత్తిగా రాదు. కానీ అరెకరం నాది. అందుకని ఆ పదిహేను రోజులూ వంటిల్లు సర్దుకోగానే ఆ ఏటి సంగతే చదువుతూ కూర్చున్నాను.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. విశాఖకి ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరస. దక్షిణాన యారాడ కొండ, అది సముద్రంలోకి ముక్కు చాచిన చోటే డాల్ఫిన్స్ నోస్. ఈ రెండు వరసల మధ్య పళ్లెంలాంటి పల్లం. మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ పడమటి నుంచి వచ్చి ఆ పళ్లెంలో పడతాయి. తూర్పున డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి సన్నటి మొగ ఒకటి సముద్రంలోకి తెరుచుకుంటుంది. గెడ్డల మంచినీళ్లు ఇటు నుంచి, సముద్రపు ఉప్పునీళ్లు అటు నుంచి వచ్చి కలిసే ఆ పల్లమే పాత విశాఖ వాళ్ల ఉప్పుటేరు, ఉప్పు పర్ర.

సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ తొమ్మిదింటికి వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడి లెక్క అది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి నవములకి చిన్నది. గుజరాత్‌లో భావనగర్ దగ్గర పదేసి మీటర్లు లేస్తుందట. మన విశాఖలో పెద్ద పోటుకి కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే. మా వారు ఆ ముక్క పట్టుకున్నారు. "చూశావా, ఎంతనీ!"

ఎంతనీ అంటే, చెంబుడు నీళ్లు గిన్నెలో పోస్తే నాలుగంగుళాలు లేస్తాయి. అవే నీళ్లు గచ్చు మీద ఒలికితే వంటిల్లంతా తుడుచుకోవాలి. ఆ పర్ర గచ్చులాంటిది. అంత చదునైన చోట మీటరు లేచినా నీళ్లు చాలా దూరం పాకుతాయి. ఆరు గంటలు పరుచుకుని, ఆరు గంటలు వెనక్కి తీసుకునే చోటు అది. ఎండినప్పుడు చూసినవాళ్లకి ఖాళీ భూమిలాగే కనిపిస్తుంది. ఈ ఊరి చరిత్ర సగం ఆ 'ఖాళీ' అన్న మాటలోనే ఉందనిపించింది నాకు.

ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ వర్తకానికి 1682లో కొట్టు పెట్టారు. కోట ఉన్న చోటే అత్తయ్యగారి కోటవీధి. కానీ వాళ్ల ఓడ ఒక్కటీ ఆ ఏట్లోకి వచ్చేది కాదు. మొగ దగ్గర ఇసక మేట. ఓడ సముద్రంలోనే లంగరేసుకుని నిలబడితే, మసూలా పడవల మీద సరుకు, మనుషులు ఒడ్డుకి రావాలి. ఆ పడవలకి మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినా చెక్క విరగకుండా వంగుతుందని ఆ ఏర్పాటు. రెండు వందల యాభై ఏళ్లు విశాఖ రేవు అంటే ఇదే. 1907లో ఫ్రాన్సిస్ దొర విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రాసేనాటికి కూడా ఓడలు లోపలికొచ్చే నౌకాశ్రయం ఇంకా ఊహే.

ఆ ఊహ మటుకు పాతదే. మధ్య పరగణాలకి సముద్రపు దారి కావాలంటే విశాఖే రేవని 1859లోనే ఒక సర్వే బృందం రాసింది. తర్వాత బ్రిటిష్ నావికాశాఖకి చెందిన కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ మేఘాద్రి గెడ్డ మొగలోనే నౌకాశ్రయం కట్టవచ్చన్నాడు. సర్కారు ఒప్పుకున్నది మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాకే. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు 1927లో మొదలుపెట్టి 1933కి పూర్తి చేశారు. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి కోసం ఆ రేవు. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు లైను 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా తెరిచాడు. ఖర్చు 378 లక్షల రూపాయలు.

చిన్నప్పుడు మేం పరీక్షల్లో 'విశాఖ సహజ నౌకాశ్రయం' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. మీలోనూ చాలామంది రాసే ఉంటారు. సగమే నిజం. కొండ సహజం, ఆ కొండ తుపానుకి అడ్డు నిలబడ్డం సహజం. ఓడ తిరిగే లోతు మటుకు మనుషులు తవ్విందే. మొగలో ఇసక తోడి కాలవ చేశారు, లోపల ఓడ తిరగడానికి కొలను తవ్వారు, దాని నుంచి పాయలు చీల్చారు. తవ్విన బురద ఎక్కడికి పోవాలి? పక్కనున్న పర్రలోకే పోయింది. ఏటిని ఒక చోట లోతు చేసి, ఇంకో చోట గట్టు చేశారు. ఓడకి తోవ దొరికింది, ఊరికి భూమి దొరికింది. పరుచుకునే నీటికి మాత్రం చోటు తగ్గింది.

ఇసక సంగతి చెప్పకపోతే నాకు తోచదు. మన తీరం వెంబడి ఇసక ఊరికే ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతూనే ఉంటాయి. మొగ దగ్గరికి రాగానే తవ్విన కాలవలో పడి పూడ్చేస్తుంది. దాన్ని ఆపడానికి అప్పట్లో రెండు పాత ఓడల్ని మొగకి దక్షిణాన ముంచి అడ్డుకట్టగా వేశారు. అక్కడ ఆగిపోయిన ఇసక అవతలకి పోదు కాబట్టి ఆర్కే బీచి కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ వాళ్లు రేవు దగ్గర తోడిన ఇసకని పైపులతో బీచికి పంపుతుంటారు. మనం పిల్లల్ని తీసుకెళ్లి పిడత కింద పప్పు తింటూ కూర్చునే ఇసకలో కొంత అలా వచ్చిందే!

తర్వాత ఆ పళ్లెం చుట్టూ ఒక్కొక్కటే వచ్చాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా వాళ్ల ఓడల కార్ఖానాకి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండా 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి రేవు మీద బాంబులేశాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుంది. అప్పటికి అత్తయ్యగారు పుట్టలేదు. వాళ్లమ్మగారు చంటిపిల్లని చంకనేసుకుని అనకాపల్లిలో చుట్టాలింటికి చేరారట. వెంట తెచ్చుకున్నవి ఒక ఇత్తడి బిందె, రెండు చీరలు, ఎండబెట్టిన నెత్తళ్ల మూట. బిందె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆ చుట్టరికమే తర్వాత అత్తయ్యగారి పెళ్లి అనకాపల్లిలో కుదరడానికి దారి తీసింది. లెక్కేసుకుంటే నేను ఈ ఇంటి కోడల్ని కావడానికి కూడా ఆ రేవే కారణం.

1948 మార్చి 14న నెహ్రూగారు 'జల ఉష'ని నీళ్లలోకి దింపారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1968లో తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఏర్పాటైంది. బైలదిల్లా ఇనప రాయిని కిరందూల్ నుంచి రైళ్ల మీద తెచ్చి జపానుకే పంపారు, బాంబులేసిన పాతికేళ్లకి! పెద్ద ఓడలు ఏట్లోకి పట్టవని 1976లో బయట నౌకాశ్రయం కట్టారు. వీటిలో ఏదీ వద్దనడానికి నాకు నోరు రాదు. మా ఇంట్లోనే ఇద్దరు ఆ ఫ్యాక్టరీల జీతాలతో స్థిరపడ్డారు. కానీ ప్రతి దానికీ చదును నేల కావాలి. చదును నేలంటే ఆ పర్రే.

పెన్సిళ్లలాంటి వేళ్ల పొదలన్నాను చూడండి, అవి మడ చెట్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లు పైకి పంపి ఊపిరి పీల్చుకుంటాయి. ఉప్పునీళ్లు వచ్చి పోయే చోటు తప్ప ఇంకెక్కడా ఆ చెట్లు వాటంతటవి అడవిగా పెరగవు. రొయ్య పిల్లలూ చేప పిల్లలూ వాటి వేళ్ల మధ్యే పెరుగుతాయి. ఒకప్పుడు ఆ పర్ర చుట్టూ ఉన్న మడలో ఇప్పుడు మిగిలినవి అక్కడక్కడా గుబుర్లే. స్థలం అమ్మేవాళ్లు ఎన్ని తెల్ల రాళ్లయినా పాతొచ్చు, మడ చెట్టు పక్కనుంటే దాని సాక్ష్యమే నమ్మాలని ఆ రోజుల్లోనే గట్టిగా అనుకున్నాను.

నన్ను అసలు భయపెట్టింది సముద్రం కాదు, పైనుంచి వచ్చే గెడ్డ. మేఘాద్రి గెడ్డకి ఎగువన రిజర్వాయరు ఉంది. విశాఖ తాగునీటిలో కొంత అక్కడిదే. దాని పూర్తి మట్టం 61 అడుగులు. తుపాను వానకి అది నిండితే కట్టని కాపాడుకోవడానికి గేట్లు ఎత్తాల్సిందే. ఆ నీళ్లు విమానాశ్రయం పక్కనుంచి రేవులోకి పోవాలి. సరిగ్గా అప్పుడే సముద్రం పోటు మీదుంటే? లోపలికొచ్చే నీళ్లు బయటికెళ్లే నీళ్లకి ఎదురు నిలబడతాయి. ఆరు గంటలు ఆగితే పాటు వస్తుంది, తగ్గుతాయి. ఆ ఆరు గంటలూ నీళ్లు ఎక్కడుండాలి? ఒకప్పుడు పర్రలో ఉండేవి.

2012 నవంబరులో నీలం తుపాను వానలకి విమానాశ్రయం రన్‌వే మునిగి విమానాలు ఆగిపోయాయి. అప్పుడు మా శారద కూడా పొంగింది కాబట్టి మేం మా గొడవలో ఉండి ఆ వార్త పట్టించుకోలేదు. ఇది మన ఊరి వింతేం కాదు. ముంబైలో మీఠీ నది కూడా ఇలాంటి పోటు ఏరే, విమానాశ్రయం దాని పక్కనే ఉంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది, పోటూ తోడైంది. 2015 డిసెంబరులో చెన్నై విమానాశ్రయాన్ని అడయారు ముంచింది. ఊరికి దగ్గరగా, కొండల్లేకుండా, ఇళ్లు లేకుండా అంత చదునైన నేల ఏటి పక్కనే దొరుకుతుంది మరి.

ఇంకో సంగతి తెలిశాక గుండె ఝల్లుమంది. మన తూర్పు తీరంలో సముద్ర మట్టం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో తక్కువ, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. స్థలాలు చూసేవాళ్లు మాత్రం వానలు లేవని ఎండాకాలం చూస్తారు!

ఇదంతా మా వారికి ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ విన్నారు. "ప్లాను ఉందన్నాడు, లోను కూడా ఇస్తారన్నాడు. నువ్వు పుస్తకాలు చదివి బెదిరిపోతున్నావు" అన్నారు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయనీ, అవి సముద్రం ఒడ్డుకే కాదు, పోటు నీళ్లు వచ్చే ఏళ్లకీ వర్తిస్తాయనీ, హద్దు ఎక్కడుందో కాగితం చూపించమని అడగమన్నాను. ఆయన ఫోను చేశారు. అవతలాయన "అవన్నీ బీచి రోడ్డు వాళ్లకండి" అన్నాడట.

"సరే, నా మాటా వద్దు, అతని మాటా వద్దు. అమావాస్య నాడు పొద్దున్న తొమ్మిదింటికి వెళ్లి చూద్దాం" అన్నాను.

"అమావాస్యంటే దీపావళే! పండగ పూట ఎవరైనా స్థలం చూస్తారా?"

"చంద్రుడికి మన పండగతో ఏం పని?" అన్నారు అత్తయ్యగారు గదిలోంచి. ఆవిడ మాకేసి చూడకుండానే అన్నారు.

దీపావళి నాడు నాలుగింటికి లేచి తలంట్లు కానిచ్చి, బూరెల పిండి నానేసి, ముగ్గురం బయల్దేరాం. చెప్పకుండా వెళ్లాం. వాన లేదు, తుపాను లేదు, ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. తొమ్మిదింటికి కొంచెం ముందు అక్కడ దిగాం. కాలువ ఒడ్డుతో సమానంగా ఉంది. మొన్న పీతలు తిరిగిన బురద కనిపించలేదు, మడ చెట్లు మొదళ్ల దాకా నీళ్లలో నిలబడ్డాయి. మన స్థలం చివర్న ఉన్న తెల్ల రాయి చుట్టూ ఎర్ర మట్టి తడిసి మెత్తబడింది. మా వారు చెప్పులు విప్పి రెండడుగులు వేశారు. కాలు చీలమండ దాకా దిగింది. ఆయన వంగి వేలితో నీళ్లు తీసి నాలిక్కి రాసుకున్నారు. ఏమీ అనలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని కారు దగ్గరికి నడిచారు.

తిరిగి రావడానికి బదులు అత్తయ్యగారు కోటవీధి చూస్తానన్నారు. వన్ టౌన్ సందుల్లోంచి రేవు వైపు వెళ్లాం. ఆవిడ పుట్టిన ఇల్లు లేదు, ఆ చోట మూడంతస్తుల మేడ ఉంది. మేం నిలబడ్డ చోటి నుంచి కొండ పక్కన మొగలోంచి ఒక ఓడ చాలా నెమ్మదిగా లోపలికి రావడం కనిపించింది. అత్తయ్యగారు చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూశారు. "పోటు మీద తెస్తన్నారు. మా నాన్నా అదే చెప్పేవోడు" అన్నారు.

మా అబ్బాయి ప్రస్తుతానికి మర్రిపాలెంలో అద్దె ఇంట్లో ఉంటున్నాడు, రెండో అంతస్తు. కశింకోట అరెకరంలో ఈసారి కూడా చెరుకే వేశాం. అడ్వాన్సు పాతిక వేలలో పది వచ్చాయి, మిగతావి సంక్రాంతి తర్వాత ఇస్తానన్నాడు. సంక్రాంతి వెళ్లి రెండు నెలలైంది.